ఏసీ128, జే201 పేర్లతో వస్తున్న నకిలీ ట్రాన్సిస్టర్లు: విశాఖలో పెడల్స్ కట్టుకునేవారు జాగ్రత్త

గిటార్ ఎఫెక్ట్స్ పెడల్స్‌ను (గిటార్ ధ్వనిని మార్చే, కాలితో నొక్కే పెట్టెలను) ఇంట్లోనే కట్టుకునే విశాఖ మిత్రులకు ఈ హెచ్చరిక. “గెయిన్ కొలిచి జతపరచిన ఏసీ128 జెర్మేనియం ట్రాన్సిస్టర్లు” అన్న వివరణతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక విక్రేత దగ్గర నేను ఒక జతను 1,800 రూపాయలకు, దానితోపాటు కొన్ని జే201 ఫెట్‌లను (అవీ ఒక రకం ట్రాన్సిస్టర్లే) తెప్పించుకున్నాను. గెయిన్ అంటే ట్రాన్సిస్టర్ కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందన్న అంకె; జెర్మేనియం, సిలికాన్ అనేవి దాన్ని తయారుచేసే పదార్థాలు. వచ్చిన జతలో ఒకటి అసలు జెర్మేనియమే కాదు. రెండోది జెర్మేనియమే అయినా ఫజ్ పెడల్‌కు (ధ్వనిని గరగరలాడించే పెడల్‌కు) పనికిరానంత లీకేజీ, అంటే అనవసరంగా కారిపోయే కరెంటు, ఉన్నది. జే201 అని ముద్రించి ఉన్నవాటిలో ఒక్కటి కూడా జే201లా ప్రవర్తించలేదు. అదే సరుకు ఇంకా అమ్మకానికి ఉన్నది కనుక, వాటిని ఎలా పట్టుకోవచ్చో కాస్త వివరంగా రాస్తున్నాను.

1966లో లండన్‌లో వచ్చిన ఫజ్ ఫేస్ పెడల్ తొలినాళ్లలో ఎన్‌కేటీ275, ఏసీ128 వంటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లతోనే తయారైంది. వాటి ఉత్పత్తి ఏనాడో ఆగిపోయింది, గిరాకీ మాత్రం ఆగలేదు; నకిలీల వ్యాపారం ఈ సందులోనే నడుస్తున్నది. మన డాబాగార్డెన్స్ వైపు దుకాణాల్లో రెసిస్టర్లు, కెపాసిటర్లు దొరుకుతాయి గానీ, ఏసీ128 అడిగితే “అది ఇప్పుడెక్కడ వస్తుంది సార్, బీసీ558 పెట్టుకోండి” అని చెప్పారు. అది సిలికాన్ కనుక నాకు పనికిరాదు, కానీ ఆ అయిదు రూపాయల మాటలో ఉన్న నిజాయితీ ఈ 1,800 రూపాయల సరుకులో లేదు.

మొదటి పరీక్షకు మామూలు మల్టీమీటర్ చాలు. ట్రాన్సిస్టర్ మూడు కాళ్ల పేర్లు బేస్, ఎమిటర్, కలెక్టర్. మీటర్‌ను డయోడ్ గుర్తు దగ్గర పెట్టి బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య కొలిస్తే, జెర్మేనియం అయితే 0.2 నుంచి 0.3 వోల్టుల దరిదాపుల్లో చూపాలి. సిలికాన్ అయితే 0.6 దాటుతుంది. నా జతలో ఒకటి 0.66 చూపింది. పైన వెండిరంగు లోహపు టోపీ, దాని మీద ఏసీ128 అన్న అక్షరాలు చక్కగా ఉన్నాయి, లోపల ఉన్నది మాత్రం ఏదో చవక సిలికాన్ ముక్క. మన ఊరి ఉప్పుగాలికి పాత ట్రాన్సిస్టర్ల కాళ్లు నల్లబడి ఉంటాయి కాబట్టి, బ్లేడుతో కొద్దిగా గీకి ఆ తరువాతే కొలవండి, లేకపోతే మంచిదాన్ని కూడా చెడ్డదని అనుకునే ప్రమాదం ఉన్నది.

రెండో పరీక్ష లీకేజీకి సంబంధించినది, అసలు మోసం ఎక్కువగా దాగి ఉండేది ఇక్కడే. బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలను గుచ్చి కలిపే పలక) మీద ఎమిటర్‌ను 9 వోల్టుల బ్యాటరీ ప్లస్‌కు కలిపి, కలెక్టర్ నుంచి మైనస్‌కు 2.2 కిలో ఓమ్‌లు, 270 ఓమ్‌ల రెసిస్టర్లను వరుసగా పెట్టి, బేస్‌ను దేనికీ కలపకుండా వదిలేసి, ఆ రెండు రెసిస్టర్ల మీదుగా వోల్టేజీ చూడండి. బేస్‌లోకి కరెంటే లేనప్పుడు కనిపించే ఆ వోల్టేజీ పూర్తిగా లీకేజీదే. తరువాత బేస్ నుంచి మైనస్‌కు 2.2 మెగా ఓమ్‌ల రెసిస్టర్ కలిపితే సుమారు 4 మైక్రోఆంపియర్ల బేస్ కరెంటు పారుతుంది. అప్పుడు పెరిగిన వోల్టేజీని వందతో గుణిస్తే నిజమైన గెయిన్ వస్తుంది. నా రెండో ట్రాన్సిస్టర్ బేస్ కలపకముందే 1.9 వోల్టులు చూపింది, అంటే దాదాపు 770 మైక్రోఆంపియర్ల లీకేజీ. బేస్ కలిపాక అది 2.6 వోల్టులకు చేరింది, అంటే నిజమైన గెయిన్ 70 మాత్రమే. ఫజ్ ఫేస్ రకం సర్క్యూట్‌కు లీకేజీ రెండు మూడు వందల మైక్రోఆంపియర్లకు లోపల ఉంటేనే బయాస్, అంటే ట్రాన్సిస్టర్ పనిచేసే వోల్టేజీ, కుదురుగా నిలుస్తుంది.

విక్రేత అంటించిన చీటీ మీద గెయిన్ 145 అని రాసి ఉన్నది. అది గాలిలోంచి పుట్టిన అంకె కాదు, అందుకే అది మరింత ప్రమాదకరం. మల్టీమీటర్‌లో ట్రాన్సిస్టర్ గుచ్చే రంధ్రాలు సాధారణంగా 10 మైక్రోఆంపియర్ల దరిదాపుల్లో బేస్ కరెంటు ఇచ్చి, కలెక్టర్‌లో పారినదంతా గెయిన్ కిందే లెక్క కడతాయి. 770 మైక్రోఆంపియర్ల లీకేజీ ఆ లెక్కలో 77 గెయిన్‌గా కలిసిపోతుంది. 70కి 77 కలిపితే చీటీ మీది అంకెకు దగ్గరగానే వస్తుంది. కాబట్టి “మీటర్‌తో కొలిచి పంపుతున్నాం” అని ఏ విక్రేత అన్నా, లీకేజీ ఎంత అని అడగండి. ఆ అంకె చెప్పలేనివారు జత కట్టలేదనే అర్థం. పరీక్ష చేసేటప్పుడు ట్రాన్సిస్టర్‌ను వేళ్ల మధ్య కాసేపు పట్టుకుంటే జెర్మేనియంలో లీకేజీ పైకి పాకడం కళ్లముందే కనిపిస్తుంది, సిలికాన్‌లో సున్నా సున్నాగానే ఉంటుంది. సుమారు ప్రతి 10 డిగ్రీలకు లీకేజీ రెట్టింపవుతుంది గనుక, ఏసీ గదిలో కొలిచిన అంకెను మే నెల మధ్యాహ్నం మేడమీది గదిలో నమ్మకండి.

జే201 సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడు కాళ్ల పాత ప్లాస్టిక్ రూపంలో దాని తయారీని పెద్ద కంపెనీలు ఆపేశాయి, అసలైనవి ఎక్కువగా బోర్డు ఉపరితలం మీద అతికించే చిన్న రూపంలోనే దొరుకుతున్నాయి. కాబట్టి పాత రూపంలో చవకగా, కుప్పలుగా అమ్ముతున్నారంటే అనుమానించాల్సిందే. ఫెట్ కాళ్ల పేర్లు గేటు, సోర్సు, డ్రెయిన్. గేటునూ సోర్సునూ కలిపి మైనస్‌కు పెట్టి, డ్రెయిన్‌కు 9 వోల్టులు ఇచ్చి కరెంటు కొలిస్తే 0.2 నుంచి 1 మిల్లీ ఆంపియర్ మధ్య రావాలి. నావి 5 నుంచి 7 మిల్లీ ఆంపియర్ల దాకా చూపాయి. సర్క్యూట్‌లో పెడితే డ్రెయిన్ వోల్టేజీ అడుగునే అతుక్కుపోయింది, ట్రిమ్మర్‌ను (తిప్పి సర్దే చిన్న రెసిస్టర్‌ను) చివరిదాకా తిప్పి 4.5 వోల్టులకు తెచ్చినా గెయిన్ మిగల్లేదు. ఇలాంటప్పుడు సోల్డరింగ్‌లోనో, గీసుకున్న బోర్డులోనో తప్పు వెతుకుతూ రాత్రిళ్లు గడపకముందే ఫెట్‌ను బయటికి తీసి కొలవండి.

ఫిర్యాదు చేస్తే విక్రేత ఇచ్చిన జవాబు: “మీ సోల్డరింగ్ వేడికి పాడైపోయి ఉంటుంది.” నేను సోల్డర్ పెట్టనేలేదు, పరీక్షలన్నీ బ్రెడ్‌బోర్డు మీదే చేశాను. పెట్టి ఉన్నా, వేడికి జెర్మేనియం చచ్చిపోవచ్చు గానీ సిలికాన్‌గా మారిపోదు. ఆ తరువాత “కవరు విప్పారు కనుక తిరిగి తీసుకోము” అన్నారు. విప్పకుండా కొలవడం ఎలాగో వారే చెప్పాలి.

సరుకుతో వచ్చిన కాగితంలో ఇంకో ప్రమాదం ఉన్నది: “ఏ 9 వోల్టుల అడాప్టరైనా వాడవచ్చు” అని అందులో రాశారు. ఏసీ128 పీఎన్‌పీ రకం (ఎమిటర్‌ను ప్లస్ వైపు కలపాల్సిన రకం) కాబట్టి, సాధారణ ఫజ్ ఫేస్ సర్క్యూట్‌లో ప్లస్సే గ్రౌండ్ అవుతుంది. మిగతా పెడల్స్‌కు ఇచ్చే అడాప్టర్ నుంచే తీగ లాగి దీనికీ ఇస్తే, కేబుల్ షీల్డు ద్వారా ప్లస్, మైనస్ నేరుగా కలిసి షార్ట్ అవుతుంది. దీనికి విడిగా బ్యాటరీయో, విడి అడాప్టరో వాడండి.

ఇలాంటి సరుకు తెప్పించుకునేవారు కవరు విప్పడం నుంచి మీటర్ మీది అంకె దాకా ఆపకుండా వీడియో తీసుకోండి, అమ్మకం వివరణ పేజీని ఫోటో తీసి దాచుకోండి, ఎందుకంటే నా ఫిర్యాదు తరువాత ఆ పేజీలో “జెర్మేనియం” అన్న మాట “జెర్మేనియం తరహా”గా మారిపోయింది. ముందుగా ఆ ఆన్‌లైన్ అంగడి ఫిర్యాదుల అధికారికి రాయండి; 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే, విక్రేత ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, అంటే మన విశాఖలోనే, రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకు రుసుము లేదు. 1915కు చెప్పిన తరువాతే ఏసీ128 జత డబ్బు నాకు తిరిగి వచ్చింది, జే201ల డబ్బు ఇంకా రావాల్సి ఉన్నది. ఇప్పటికే ఈ జతను కొన్నవారు వాపసు గడువు దాటకముందే ఆ డయోడ్ పరీక్ష ఒక్కటైనా చేసి చూసుకోండి.