గ్రేస్ ఆఫ్ మై హార్ట్ (1996): పాట రాసినావిడ గొంతు ఎక్కడ?

మొన్న రాత్రి ఈ సినిమా మళ్ళీ చూశా, ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. పాటలు రాసే ఆడవాళ్ళ మీద వచ్చినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే.

ఆలిసన్ ఆండర్స్ రాసి డైరెక్ట్ చేసింది. ఫిలడెల్ఫియాలో స్టీల్ వ్యాపారం చేసే బాగా డబ్బున్నవాళ్ళ అమ్మాయి ఎడ్నా (ఇలియానా డగ్లస్), సింగర్ అవుదామని న్యూయార్క్ వస్తుంది. ఆడ సింగర్లు అక్కర్లేదు పొమ్మంటారు. చివరికి జోయెల్ అనే మేనేజర్ (జాన్ టర్టూరో, ఎంత బాగా చేశాడో) ఆమె డెమో విని పాట తీసుకుంటాడు, గొంతు మాత్రం వద్దంటాడు, పేరు కూడా డెనీస్ వేవర్లీ అని మార్చేస్తాడు. డెమో అంటే మన దగ్గర ట్రాక్ పాడినట్టే, ఎంత ప్రాణం పెట్టి పాడినా రికార్డు మీద వేరేవాళ్ళ గొంతే ఉంటుంది. ఇక్కడి నుంచి నేను కదల్లేదు.

కథకి అమెరికన్ పాటల రచయిత్రి, సింగర్ కరోల్ కింగ్ జీవితమే ఆధారం అని చూస్తుంటేనే తెలుస్తుంది, పేర్లూ సంఘటనలూ మాత్రం కల్పితం. సినిమాలో చూపించేది బ్రిల్ బిల్డింగ్, అంటే న్యూయార్క్‌లో పాటలు రాసేవాళ్ళ ఆఫీసులుండే 1619 బ్రాడ్‌వే, అసలు కరోల్ కింగ్ కూర్చుని రాసింది దానికి కాస్త దూరంలో 1650 బ్రాడ్‌వేలో. ఇరుకు గదులు, గదికో పియానో, పక్క గదిలో ఇంకెవరో పాట కడుతుంటే ఇవతలికి వినపడుతుంటుంది, అది భలే పట్టుకున్నారు.

బ్రిడ్జెట్ ఫోండా పాప్ సింగర్‌గా వచ్చే భాగం చిన్నదే కానీ మర్చిపోలేం. ఆ అమ్మాయి ప్రేమించేది ఇంకో అమ్మాయిని, అది బయటికి చెప్పుకోలేదు, డెనీస్‌కి అర్థమై పాట అక్కడి నుంచే పుడుతుంది. ఆ పాట రాసినవాళ్ళలో అరవైల నాటి పాప్ సింగర్ లెస్లీ గోర్ కూడా ఉందని తెలిశాక మళ్ళీ వింటే గుండె బరువెక్కింది, ఎందుకంటే అది ఆవిడ ఏళ్ళ తరబడి దాచుకున్న విషయమే.

సెకండాఫ్‌లో కాలిఫోర్నియా వెళ్ళాక కథ నెమ్మదిస్తుంది. మ్యాట్ డిలన్ పాత్ర బీచ్ బాయ్స్ బ్యాండ్‌లోని బ్రయన్ విల్సన్‌ని గుర్తుచేస్తుంది, అతని బాధలో పడి డెనీస్ పాట కాసేపు పక్కకి పోయింది, అక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది.

కానీ "గాడ్ గివ్ మీ స్ట్రెంగ్త్" ఉంది చూడండి! కంపోజర్ బర్ట్ బకరాక్, సింగర్ ఎల్విస్ కాస్టెలో ఈ సినిమా కోసమే కట్టిన పాట, దాని తర్వాతే 1998లో ఇద్దరూ కలిసి ఒక ఆల్బమే చేశారు. స్టూడియోలో మైకు ముందు ఇలియానా డగ్లస్ నిలబడి పాడుతుంటే ఇన్నేళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేసిన పాటలన్నీ ఆ ముఖంలోకి వచ్చేస్తాయి, పాట పైకి వెళ్ళే చోట నాకు ఊపిరి ఆగింది. ఆ గొంతు ఇలియానాది కాదు, క్రిస్టెన్ విగార్డ్‌ది. చూసేవాళ్ళు ఆ పేరు కూడా గుర్తుపెట్టుకోండి ప్లీజ్, టైటిల్స్ అయ్యేదాకా లేవకండి.