అరకు ఘాట్‌లో ఇంజన్ మిస్సింగ్, విశాఖలో రెండు గ్యారేజీలు

"రెండో సిలిండర్ పోయిందండీ. హెడ్డు విప్పాలి, ఇంజెక్టర్లు కూడా చూడాలి. ముప్ఫై ఎనిమిది వేల ఐదు వందలవుతుంది." మా కారు గురించి మొదటి గ్యారేజీవాళ్ళు ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి మరీ చెప్పారు. హెడ్డంటే ఇంజన్‌లో సిలిండర్ల మీద బిగించే పైభాగం, ఇంజెక్టర్లంటే పెట్రోలు చిమ్మేవి. బానెట్ ఎత్తి చూసింది మాత్రం పది నిమిషాలే. బండి కంప్యూటర్‌లోని తప్పు కోడ్ చదివే స్కానర్ పెట్టినందుకు వెయ్యి, జీఎస్టీ 180, మొత్తం 1,180 కట్టించుకున్నారు. కాఫీ బాగానే ఉంది.

రాజమండ్రి నుంచి నాలుగు రోజులకని వచ్చాం. నేను, మా ఆవిడ, మావయ్యగారు. మొదటి రోజు సాఫీగా గడిచింది. సాయంత్రం బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి చూశాం, మురీ మిక్చర్ తిన్నాం. లాడ్జి మాత్రం మోసమే. సీ వ్యూ అని రాత్రికి 2,800 తీసుకున్నారు. కిటికీ తీస్తే పక్క మేడ మీద నాలుగు నల్ల నీళ్ళ ట్యాంకులు, రెండు ట్యాంకుల సందులో బెత్తెడు సముద్రం. అడిగితే "కనపడుతోంది కదండీ" అన్నాడు కౌంటర్ కుర్రాడు. మీరు బుక్ చేసేముందు ఏ అంతస్తో, ఏ వైపో ఫోన్ చేసి అడగండి.

రెండో రోజు పొద్దున్నే అరకు బయల్దేరాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేదాకా కారు బాగానే నడిచింది. తర్వాత ఒక మలుపులో సెకండ్ గేర్ వేసి యాక్సిలేటర్ తొక్కగానే బండి ఎక్కిళ్ళు మొదలెట్టింది. మెకానిక్కులు మిస్సింగ్ అనేది దీన్నే. పికప్ లేదు, స్టీరింగ్ వణుకు. చెక్ ఇంజన్ లైటు వెలగడమే కాదు, మిణుకుమిణుకుమంది. ఈ తేడా తెలిసుండటం మంచిది. లైటు నిలకడగా ఉంటే నెమ్మదిగా షెడ్డు దాకా పోవచ్చు. మిణుకుతుంటే మాత్రం లోడు మీద నడపకూడదు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది, అది మాడిందంటే అసలు రిపేరుకంటే దాని ఖర్చే ఎక్కువ. బండి పక్కకి తీసి ఆపేశాను.

విశాఖ దాకా టోయింగ్ 4,500. మావయ్యగారు మొదట్నుంచీ కిరండూల్ రైల్లో, అద్దాల బోగీలో వెళ్దామనే అన్నారు. టోయింగ్ బండి క్యాబిన్‌లో కూర్చుని "ఈపాటికి బొర్రా స్టేషన్‌లో దిగుండేవాళ్ళం" అని ఒకసారి, "ఆ సబ్‌మెరైన్ 1969 నుంచి ముప్ఫై ఒక్క ఏళ్ళు సముద్రంలో తిరిగిందయ్యా, నీ కారుకి ఎనిమిదేళ్ళే" అని ఇంకోసారి. మా ఆవిడ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

38,500 మాట విన్నాక నేను లొంగిపోయేవాణ్ణే. సాయంత్రం లాడ్జి వాచ్‌మన్ కంచరపాలెంలో ఒక షెడ్డు చెప్పాడు. రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. మూడో రోజు పొద్దున్న బండిని మెల్లగా అక్కడికి తోలుకెళ్ళాం. అరవై దాటిన మేస్త్రి నేను చూపించిన మొదటి గ్యారేజీ స్కానర్ కాగితం చూసి, "పీ0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్ అనే కదా బాబూ. అందుకని హెడ్డు ఇప్పేస్తారేటి?" అన్నాడు. నిజమే. ఇంజన్‌లో తిరిగే ఇరుసు, అదే క్రాంక్, దాని వేగంలో తేడా పట్టుకుని ఏ సిలిండర్ సరిగ్గా కాలడం లేదో కంప్యూటర్ చెప్తుందంతే. ఎందుకు కాలడం లేదో మనమే వెతుక్కోవాలి.

ఆయన చేసిన పని చాలా సులువు. రెండో సిలిండర్‌లో స్పార్క్ ప్లగ్‌కి కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి పెట్టాడు. కోడ్ చెరిపేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎన్ఏడీ ఫ్లైఓవర్ రెండుసార్లు ఎక్కించాడు. లోడు పడితే గానీ బయటపడదట. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినకొద్దీ స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి, బలహీనమైన కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది. చదును రోడ్డు మీద నాకు తెలియకపోవడం అందుకే. రెండో ఎక్కుడులో లైటు వెలిగింది. స్కానర్ పెడితే ఈసారి పీ0303! తప్పు కాయిల్‌తో పాటు మూడోదానికి నడిచొచ్చింది. కోడ్ రెండు దగ్గరే ఉండిపోతే ప్లగ్, తర్వాత ఇంజెక్టర్, అదీ కాకపోతే కంప్రెషన్ చూడాలి. హెడ్డు విప్పే మాట చిట్టచివర.

రెండో సిలిండర్ ప్లగ్ తీసి నా అరచేతిలో పెట్టాడు. తెల్లటి పింగాణీ మీద పై నుంచి కింది దాకా పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. కొన దగ్గర స్పార్క్‌గా దూకాల్సిన కరెంటు పక్కనుంచి జారిపోయిన దారి అది. ప్లగ్ గుంటలో చెంచాడు ఆయిల్. ఇంజన్ మీది మూత, అదే ట్యాపెట్ కవర్, దాని ప్యాకింగ్ లీకై, ఆ ఆయిల్‌లో నాని కాయిల్ రబ్బరు ఉబ్బి చీలింది. ప్లగ్గుల గ్యాప్ కూడా బాగా పెరిగింది. మా బండి పుస్తకంలో 40 వేల కిలోమీటర్లకి మార్చమని ఉంది. మీటర్‌లో 71 వేలు. ఆ తప్పు నాదే, గ్యారేజీది కాదు.

నాలుగు ప్లగ్గులు 1,120, కాయిల్ 2,350, ప్యాకింగ్ 650, కూలి 700. మొత్తం 4,820. రెండున్నర గంటల పని. ప్యాకింగ్ మార్చకుండా కాయిల్ ఒక్కటే వేస్తే కొన్నాళ్ళకి మళ్ళీ వస్తారని తనే చెప్పాడు. పాత సామాను ఒక కవర్లో వేసి నాకే ఇచ్చాడు. ఎక్కడ చేయించినా పాత పార్టులు అడిగి తీసుకోండి, ఇవ్వడానికి నసిగితే అనుమానించండి.

నాలుగో రోజు అరకు. మ్యూజియం, కాఫీ, బొంగులో చికెన్, అన్నీ బాగున్నాయి. ఎక్కేటప్పుడు మొన్నటి మలుపు రాగానే మావయ్యగారు ఏసీ ఆపించి, అద్దం దించి చెవి బయటపెట్టారు. బండి గుక్క తిప్పుకోకుండా ఎక్కేసింది. ఆయన ఒక్క మాటా అనలేదు. బొర్రా దగ్గర మాత్రం "ఆగు, ఆగు, ఏదో శబ్దం" అన్నారు. గుండె ఆగినంత పనై బ్రేకు తొక్కాను.

పైన కొండ మీద రైలు పోతోంది. అద్దాల బోగీ మలుపు తిరిగేదాకా అలా చూస్తూనే ఉన్నారు.