కడప బండల ఇంట్లో నెలవారీ క్లీనింగ్ సర్వీసు: రెండేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఈ సర్వీసు మళ్ళీ తీసుకోను. ఎవరైనా అడిగినా తీసుకోమని చెప్పను. అయితే ఇంటికి వచ్చి పని చేసిన ఆమె మీద కోపంతో రాస్తున్న మాటలు కావివి. ఆమె ఒళ్లు దాచుకునే మనిషి కాదు. పని బాగాలేదన్నది నిజం, కానీ బాగా చేసేంత టైము ఆమెకు ఎవరూ ఇవ్వలేదన్నది కూడా అంతే నిజం. ఈ రెండూ కలిపి చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

మాది కడపలో ఎర్రముక్కపల్లి వైపు పాత ఇల్లు. పడసాల నుంచి వెనక పంచ దాకా మొత్తం పాలిష్ పట్టించిన నల్ల బండలు, వంటింట్లో గట్టు కూడా అదే బండ. బాత్రూముల్లో మాత్రం టైల్స్. నీళ్లు బోరువి, బకెట్ అడుగున రెండు రోజులకే తెల్లగా పేరుకునే రకం. నేనూ మా ఆయనా ఉద్యోగాలకు పోతాం, అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, వంగలేదు. అందుకని ఒక క్లీనింగ్ ఏజెన్సీ వాళ్లు మనిషిని పంపుతాం, నెలకు 3,500 రూపాయలు, రెండు నెలల డబ్బు అడ్వాన్స్ అంటే సరేనని మాట్లాడుకున్నాం. రోజూ కసువు నూకడం, బండలు తుడవడం, బాత్రూములు కడగడం, వారానికోసారి ఫ్యాన్లు, బూజు. సామాన్లు తోమడం ఇందులో లేదు.

మొదటి నెల చాలా బాగుంది. మంచం కింద కూడా పొరక పోయేది. తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది, ఎంత మెల్లగా అంటే ఏ రోజు నుంచి అని చెప్పలేం. ముందు ఫ్యాన్లు ఆగిపోయాయి, తర్వాత తలుపుల వెనక, తర్వాత సోఫా జరపడం. నాకు అన్నిటికంటే బాధ అనిపించింది మాప్ నీళ్ల సంగతి. పడసాల నుంచి వంటిల్లు దాకా ఒకే బకెట్, అదే నీళ్లు. మన ఊరి దుమ్ము తెలిసిందే కదా, ఎండాకాలంలో సాయంత్రం గాలి తిరిగితే కిటికీ చువ్వల మీద వేలితో పేరు రాయొచ్చు. అంత దుమ్మున్న ఇంట్లో ఒక బకెట్ నీళ్లతో తుడిస్తే దుమ్ము పోదు, బురదై ఇల్లంతా పరుచుకుంటుంది. నల్ల బండ మీద అది ఆరాక బూడిద రంగు చారలు చారలుగా కనిపిస్తుంది, దానికి తోడు బోరు నీళ్ల ఉప్పు. తెల్ల టైల్స్ ఉన్నవాళ్లకు ఈ బాధ అర్థం కాదు.

ఒక ఆదివారం ఆమెను కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగాను. అత్తమ్మ ముందు అడగలేదు, ఎందుకంటే ఇద్దరు కలిసి ఒక మనిషిని నిలదీసినట్టు ఉంటుంది. “అక్కా, వంటింట్లోకి వచ్చేటప్పటికి నీళ్లు మార్చు, మిగతావి ఒక రోజు అటూ ఇటూ అయినా పర్లేదు” అన్నాను. ఆమె చెప్పింది విని నాకు మాట రాలేదు. “నీళ్లు మార్చేకి టైము యాడుంది మేడం, పది కొట్టేలోపల మీ ఇంటి నుంచి ఫోటో పెట్టాల, పదింబావుకి ఇంకో ఇంట్లో ఉండాల. లేటయితే నా జీతంలో కోస్తారు.” మేము కట్టే 3,500లో ఆమె చేతికి పోయేది సగమే అని కూడా అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఒక పని చేశాం, అది బాగా పని చేసింది కూడా. రోజూ అన్నీ వద్దని చెప్పి గదులు పంచాం. వంటిల్లు, పడసాల రోజూ. పడకగదులు రోజు మార్చి రోజు. బాత్రూములు వారానికి రెండు సార్లు, కానీ ఆ రోజు మిగతావి వదిలేయాలి. చూపించి చెప్పడం కూడా ముఖ్యం. “శుభ్రంగా చెయ్యి” అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? పొయ్యి పక్కన ఆ మూల జిడ్డు, ఈ కొళాయి వెనక పాచి, అని వేలు పెట్టి చూపిస్తే ఆ రోజే పోయేది. కొన్ని నెలలు ఇల్లు నిజంగా బాగుంది. కానీ ఏజెన్సీ సూపర్‌వైజర్‌కు ఈ సంగతి తెలిసి, ప్యాకేజీ ప్రకారమే చేయాలి, ఫోటోలు అన్ని గదులవీ రావాలి అన్నాడు. మళ్ళీ మొదటికొచ్చింది.

ఇక బండల సంగతి. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే.

ఆమె ఊరికి పోయినప్పుడు బదులు ఒక చిన్నపిల్లను పంపారు. ఇరవై కూడా ఉండవేమో. బాత్రూము టైల్స్ మీద ఉప్పు మరకలు పోవడానికి ఏజెన్సీ వాళ్లే యాసిడ్ సీసా ఇచ్చి పంపారు. ఆ పిల్ల వెనక పంచలో, వంటింటి గడప దగ్గర తెల్ల చారలు చూసి అవీ ఉప్పే కదా అని అక్కడా పోసింది. అత్తమ్మ “పాపా, పాపా, వద్దు” అని లేచేలోపే బండ మీద బుసబుసమని నురగ.

మన ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే ఈ నల్ల బండ సున్నపురాయి. ఆ చుట్టుపక్కల అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నది కూడా ఆ రాయి కోసమే. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. యాసిడ్ తగిలితే కరుగుతుంది, ఆ నురగ కార్బన్ డయాక్సైడ్. కొళాయి మీద తెల్లగా పేరుకునేదీ ఎక్కువగా అదే పదార్థం, అందుకే యాసిడ్‌కు పోతుంది. మరక ఏ గుణం వల్ల పోతుందో, బండ కూడా ఆ గుణం వల్లే పాడవుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు కాసేపు నిలిచినా వంటగట్టు మీద మచ్చ పడేది ఇందుకే. పాలిష్ పోయిన చోట ఎన్ని సార్లు తుడిచినా నలుపు తిరిగి రాదు, మెషీన్‌తో మళ్ళీ పట్టించాల్సిందే.

కడపలో ఇళ్లు తుడిచే ఏజెన్సీకి కడప బండ గురించి తెలియకపోవడం ఏంటి? ఇది నేను క్షమించలేను. ఆ పిల్లకు చేతి తొడుగులు కూడా ఇవ్వలేదు. యాసిడ్ సీసా తెచ్చిన సంచిలోనే బ్లీచింగ్ పౌడర్ పొట్లం ఒకటి ఉంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసుకున్న చిన్న బాత్రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మాట ఆ పిల్లకు చెప్పినవాళ్లే లేరు. బండ పోయినదానికంటే నాకు ఇదే ఎక్కువ భయమేసింది.

ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ వచ్చి చూసి, పాత బండలు మేడం, అరిగిపోయుంటాయి అన్నాడు. ఒప్పందం కాగితంలో వెనక వైపు చిన్న అక్షరాల్లో వస్తువులకు, గచ్చుకు బాధ్యత లేదని ఉందట. ఆ పిల్ల జీతంలో కోస్తామన్నాడు. వద్దు, అలా కోస్తే ఊరుకోను అని గట్టిగా చెప్పాను, సీసా ఇచ్చింది వాళ్లు కదా.

ఆ నెలతో మానేశాం. ఇప్పుడు మా వీధి చివర నుంచి ఒక ఆమె వస్తుంది, గంట లెక్క. రెండు గంటలు, రోజు మార్చి రోజు. ఏ గదులు చేసినా సరే, నీళ్లు మాత్రం గది గదికీ మార్చాలి, బండలకు వట్టి నీళ్లు, జిడ్డున్న చోట కొంచెం సబ్బు, అంతే. యాసిడ్ మా ఇంట్లోకి రాదు. సెలవులు ఎక్కువే పెడుతుంది, చెప్పకుండా మానేసిన రోజులూ ఉన్నాయి, అయినా చేసిన రోజు పని కంటికి కనిపిస్తుంది. నెలకు ఖర్చు దాదాపు అంతే, కానీ మొత్తం ఆమె చేతికే పోతుంది.

ఫ్లాట్‌లో టైల్స్ ఉండి, పైపైన ఊడ్చి తుడిస్తే చాలనుకునేవాళ్లకు ఆ సర్వీసు పనికొస్తుందేమో. బండల ఇల్లయితే మాత్రం ఒప్పందం వెనక పేజీ చదవండి, ఏ మందులు వాడతారో సీసాలు చూపించమని అడగండి, అడ్వాన్స్ ఒక నెలకు మించి ఇవ్వకండి. మా రెండు నెలల అడ్వాన్స్ కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం.