స్టాఫ్‌కి స్ట్రెస్ ట్రైనింగ్ పెట్టిస్తే డబ్బులు యాడ గిట్టినాయి, యాడ గిట్టలే

అనంతపురంలో ఒక బట్టల షోరూంలో చీరల సెక్షన్ సూపర్‌వైజర్‌ని నేను. మూఢం వచ్చి గిరాకీ పడిపోయినప్పుడు మా సార్ బెంగళూరు నుంచి ఒక ట్రైనింగ్ కంపెనీని పిలిపించినాడు. స్టాఫ్‌కంతా ఒక రోజు 'రెసిలియెన్స్' ప్రోగ్రాం, అంటే ఒత్తిడి తట్టుకునేది నేర్పించేది, దాంతో పాటు మొబైల్ యాప్, ఫోన్ కౌన్సెలింగ్, అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ. కంపెనీ పేరు చెప్పను, ఇట్లాంటివి అమ్మేవాళ్ళు ఇప్పుడు శానామంది ఉన్నారు. మీ షాపుకో ఆఫీసుకో తీసుకుందామా వద్దా అని చూస్తున్నోళ్ళ కోసం రాస్తున్నా. స్టార్లు ఇయ్యమంటే మొత్తానికి రెండున్నర, కానీ అందులో ఒక్క ముక్కకి మాత్రం ఐదుకి ఐదు.

పొద్దున సెషన్ స్టాఫ్ అందరికీ. హోటల్ హాలు, ఏసీ, టిఫిన్‌కి ఉగ్గాని బజ్జీ, దానికైతే మా పిల్లలు ఫుల్ మార్కులు వేసినారు. ట్రైనర్ మాటకారే, నవ్వించినాడు, బెలూన్లు ఊదించినాడు, కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టమన్నాడు. ఆ తర్వాత స్లైడ్ల మీద స్లైడ్లు, పాజిటివ్‌గా ఆలోచించాలంట, కస్టమర్ అరిస్తే మనసుకి తీసుకోకూడదంట. నా పక్కన బిల్లింగ్ అమ్మాయి మెల్లగా అనింది, "కస్టమర్ అరిస్తే ఏముందిలే అక్కా, వచ్చిపోయేవాళ్ళు, ఆయమ్మ ముందర మన మేనేజర్ అరిచినప్పుడు కదా ఏడుపొచ్చేది" అని. ఆ మాటకి సరిపోయే స్లైడ్ ఒక్కటీ రాలే.

మా పని ఎట్లుంటాదో తెలియనోళ్ళకి చెప్తా, పొద్దున పదికి నిలబడితే రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించే దాకా నిలబడేదే. ఒకామె వచ్చి రాక్‌లో ఉన్న చీరలన్నీ పరిపించి, రంగు నచ్చలే అని లేచిపోతాది, మళ్ళా అన్నీ మడతపెట్టల్ల, ఇంతలో ఇంకొకామె వస్తాది. సాయంత్రానికి కాళ్ళు వాస్తాయి, కొందరికి పిక్కల్లో నరాలు ఉబ్బి కనపడతాయి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టం మార్చి పనిచేసేవాళ్ళకి కూర్చునే వసతి ఇయ్యాల్సిందే అని పెట్టినాయి. మా షాపులో సోఫాలకేం తక్కువలే, కూర్చునేది కస్టమర్లు మాత్రమే. కాళ్ళ నొప్పిని పాజిటివ్‌గా ఎట్ల ఆలోచించాలో నాకైతే అర్థం కాలే.

యాప్‌కి అర స్టార్ కూడా ఎక్కువే. తెలుగు అని రాసుంటాది గానీ మెనూ ఒక్కటే తెలుగు, లోపల ఆడియోలన్నీ ఇంగ్లీషు. రోజూ ఈ పొద్దు మీ మూడ్ ఎట్లుంది అని అడుగుతాది, ఏడుపు మొహం నొక్కితే సార్‌కి తెలిసిపోతాదేమో అని పిల్లలంతా నవ్వు మొహమే నొక్కినారు! ఎవరు చూస్తారు ఎవరు చూడరు అని కంపెనీవాళ్ళు ముందే చెప్పింటే బాగుండు. వారానికల్లా అందరూ తీసేసినారు.

ఫోన్ కౌన్సెలింగ్ మేడం మాత్రం మంచిది, తెలుగులో ఓపికగా మాట్లాడింది అని ఫోన్ చేసినోళ్ళు చెప్పినారు. కాకపోతే పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకేనంట, ఆ టైంలో మా ఫోన్లు లాకర్లో ఉంటాయి కదప్పా. దీనికి డబ్బు కట్టే కంటే గవర్నమెంటు టెలీ మానస్ నంబరు 14416 స్టాఫ్ రూంలో రాసి పెడితే సరిపోతాది, 2022 అక్టోబర్ నుంచి ఉంది అది, ఫ్రీ, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇంక ఐదు స్టార్ల ముక్క. మధ్యాహ్నం స్టాఫ్‌ని పంపించేసి సూపర్‌వైజర్లు, మేనేజర్లు, సార్, మాకు మాత్రమే ఇంకో మేడం క్లాస్ పెట్టింది. హాల్లోకి పోతే కుర్చీలు లేవు. తీసేయించిందంట. నిలబెట్టే మాట్లాడించింది, గంట దాటినాక మా సారే "మేడం, ఒక కుర్చీ తెప్పించండి" అన్నాడు. ఆమె నవ్వి, మీ కౌంటర్ వెనక కుర్చీ ఉందా సార్ అనింది. అంతే, దాని మీద లెక్చర్ ఏమీ ఇయ్యలే.

తర్వాత ఒక్కొక్కరిని అడిగింది, మీ సెక్షన్లో ఎక్కువ లీవులు పెట్టేది ఎవరు, ఎందుకు పెడతారు అని. ఎవరో చెప్పినాం, ఎందుకో ఎవరికీ తెలీదు. వీక్ ఆఫ్ ఎప్పుడు చెప్తారు అంటే ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో అని మా ఫ్లోర్ మేనేజర్ ధీమాగా చెప్పినాడు. అట్లయితే ఆ పిల్ల ఆస్పత్రికి పోవల్లన్నా, ఊర్లో పనికి పోవల్లన్నా ఎట్ల ప్లాన్ చేసుకుంటాది అని అడిగితే నోరు లేవలే.

ఆ తర్వాత షాపులో కొన్ని మారినాయి. కౌంటర్ల వెనక స్టూళ్ళు వచ్చినాయి, కస్టమర్ లేనప్పుడు కూర్చోవచ్చు. వీక్ ఆఫ్‌ల లిస్టు శనివారమే తర్వాతి వారానికంతా పెట్టేస్తున్నారు. నార్పల, కూడేరు వైపు నుంచి వచ్చే అమ్మాయిలు సీజన్ కాని రోజుల్లో ఎనిమిదికే బయల్దేరొచ్చు, అంతకుముందు లాస్ట్ బస్సు ఉంటాదో పోతాదో అని ఏడు నుంచే గడియారం చూస్తాండేవాళ్ళు. తిట్టేదుంటే ఫ్లోర్ మీద కాదు, లోపలికి పిలిచి చెప్పల్ల. ఇంట్లో శెనక్కాయ విత్తే టైంలో అడ్వాన్స్ అడిగితే సార్ దాకా పోకుండా మేనేజరే ఇయ్యొచ్చు. టార్గెట్లు మాత్రం అట్లనే ఉన్నాయి, సీజన్ అంటే సీజనే అంటాడు సార్. దసరా మధ్యలో మానేసి పోయేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు, ఈసారి మా సెక్షన్లో ఎవరూ మానలే. అంతా ఈ క్లాస్ పుణ్యమే అని చెప్పను, ఇన్సెంటివ్ కూడా పెంచినారు.

ఇది మా షాపు కథే అనుకున్నా గానీ నెట్లో చూస్తే బ్రిటన్‌లో 233 సంస్థల్లో పనిచేసే 46 వేల మందికి పైగా ఉద్యోగుల సర్వేని ఆక్స్‌ఫర్డ్ ఆయన ఒకాయన విశ్లేషించి 2024లో పేపర్ వేసినాడు, రెసిలియెన్స్ ట్రైనింగులు, యాప్‌లు వాడినోళ్ళకీ వాడనోళ్ళకీ పెద్ద తేడా కనపళ్ళేదంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కూడా పని పద్ధతులు మార్చడం, మేనేజర్లకి ట్రైనింగ్ ఇయ్యడం ఉన్నాయి. మన ఓనర్లేమో కిందోళ్ళకి ధైర్యం నేర్పించండి అని బిల్లు కడతారు.

మీరు తీసుకుంటే మాత్రం మధ్యాహ్నం సెషన్ ఒక్కటే కావాలని అడగండి, ఓనర్ కూర్చోను అంటే, అదే నిలబడను అంటే, డబ్బులు దండగ, వద్దు. మొత్తం ప్యాకేజీనే తీసుకోవల్ల అని మొదట గట్టిగానే అంటారు, బేరమాడండి. మా సార్ వచ్చే ఏడుకి అదొక్కటే ఇయ్యమని మెయిల్ పెట్టించినాడు, ఇంకా రేటు పంపలే వాళ్ళు.