మాట రాకముందు కార్డు

మావాడికి నాలుగేళ్లు, ఆటిజం, మాటలు ఇంకా రాలేదు. థెరపిస్ట్ చెబితే ఈ బొమ్మల కార్డుల పుస్తకం కొన్నాం, వెల్క్రోతో అంటించి పీకే రకం. 1985లో అమెరికాలో మొదలైన పెక్స్ పద్ధతికి పనికొస్తుంది: పిల్లాడు కావాల్సిన కార్డు తెచ్చి మన చేతిలో పెడితే వెంటనే ఆ వస్తువు ఇచ్చేయాలి. మొదటి వారం కార్డులు నమిలాడు, అంతే. మూడో వారం నీళ్ల కార్డు నా అరచేతిలో పెట్టి మొహంలోకి చూశాడు, అప్పటిదాకా నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఏడ్చేవాడు. కార్డులు అలవాటైతే ఇక మాట్లాడడేమోనని అమ్మకి టెన్షన్, కానీ ఇవి మాటల్ని ఆపుతాయని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు, మావాడైతే నీళ్ల కార్డు ఇస్తూ "నీ" అంటున్నాడు కూడా.

లామినేషన్ నాసిరకం, అంచులు లేచిపోతున్నాయి. పళ్ల బొమ్మలు ఇరవై ఉన్నాయి గానీ "నొప్పి", "వద్దు" లేవు, అవి నేనే ప్రింట్ తీసి అంటించా. మూడు స్టార్లు.