థ్రెడ్‌ఐఆర్‌క్యూస్ సమీక్ష: ప్రయారిటీ 85 ఇచ్చినా పక్క పరికరం కోసం ఆగే లైను

కెర్నల్ బూట్ లైనులో 'థ్రెడ్‌ఐఆర్‌క్యూస్' అని చేరిస్తే లినక్స్ తన ఇంటరప్ట్ హ్యాండ్లర్లను, అంటే పరికరాలు పంపే పిలుపులకు (ఇంటరప్ట్‌లకు) స్పందించే కోడ్‌ను, షెడ్యూలర్ వరుసలో నిలబడే థ్రెడ్లుగా నడుపుతుంది. 2011లో 2.6.39తో వచ్చిన సదుపాయానికి ఇప్పుడు పరిచయం అక్కర్లేదు. రికార్డింగ్‌కు వాడే మెషీన్ మీద చాలాకాలంగా ఇదే నడుస్తోంది. మొత్తమ్మీద ఇష్టమే. కోపమల్లా ఒక్కదాని మీద: రెండు పరికరాలు పంచుకునే ఇంటరప్ట్ లైను (పిలుపు వచ్చే తీగ).

ఇష్టానికి కారణం చిన్నదే. ఇది లేనప్పుడు ఇంటరప్ట్ అంటే మన చేతిలో లేని వ్యవహారం. ఇది ఉంటే పీఎస్ (నడుస్తున్నవాటిని చూపే కమాండ్) జాబితాలో దాదాపు ప్రతి హ్యాండ్లర్ 'ఐఆర్‌క్యూ/16-' లాంటి పేరుతో కనిపిస్తుంది. అన్నీ ఫైఫో 50తో మొదలవుతాయి (ఫైఫో అంటే రియల్‌టైమ్ వరుస, అంకె పెద్దదైతే ముందు). 'సీహెచ్‌ఆర్‌టీ -ఎఫ్ -పీ 85' అనే ప్రయారిటీ మార్చే కమాండ్ రాసి పక్కన పిడ్ (థ్రెడ్ నంబరు) ఇస్తే సౌండు కార్డు థ్రెడ్ ముందుకొస్తుంది. ఆడియో సర్వర్ (ప్రోగ్రాములకూ కార్డుకూ మధ్య శబ్దాన్ని నడిపేది) 70 మీద ఉంటే కార్డు థ్రెడ్ దానికంటే పైన ఉండాలి. లేకపోతే సర్వర్‌ను నిద్రలేపాల్సిన థ్రెడ్డే దాని వెనక వరుసలో నిలబడుతుంది. 99 జోలికి మాత్రం పోవద్దు, అక్కడ కెర్నల్ సొంత థ్రెడ్లు ఉంటాయి. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ వాడేవాళ్లు సౌండు డ్రైవర్ పేరు కోసం వెతకడం వృథా, ఇంటరప్ట్ వచ్చేది హోస్ట్ కంట్రోలర్‌కు. పెంచాల్సింది ఆ కంట్రోలర్ డ్రైవర్ అయిన ఎక్స్‌హెచ్‌సీఐ థ్రెడ్‌నే.

ఇక అసలు గొడవ. పాత పీసీఐ సౌండు కార్డు, 48 కిలోహెర్ట్జ్, 64 ఫ్రేముల బఫర్. అంటే ప్రతి 1.33 మిల్లీసెకన్లకు (ఒక పీరియడ్‌కు) ఒక ఇంటరప్ట్. థ్రెడ్‌కు 85 ఇచ్చాం, సైక్లిక్‌టెస్ట్ (ఆలస్యం కొలిచే పరీక్ష) గంటలకొద్దీ నడిపినా అంకెలు ముచ్చటగానే ఉన్నాయి. అయినా పొడవాటి రెవెర్బ్ ప్లగిన్ పెట్టిన ప్రాజెక్టుల్లో అప్పుడప్పుడూ టప్‌మని శబ్దం, లాగ్‌లో ఎక్స్‌రన్ (బఫర్ సమయానికి అందలేదన్న గుర్తు). ఎప్పుడొస్తుందో చెప్పలేం, అదే విసుగు.

సైక్లిక్‌టెస్ట్‌ను నమ్మడంలోనే తిరకాసు ఉంది. అది కొలిచేది టైమర్ ఆలస్యాన్ని. టైమర్ ఇంటరప్ట్ థ్రెడ్‌గా మారదు, దాని లైనులో ఇంకెవరూ ఉండరు. కార్డు లైను ఎంతసేపు మూసుకుపోయినా ఆ పరీక్షకు తెలిసే దారి లేదు.

ప్రాక్ కింద ఇంటరప్ట్స్ ఫైలు తెరిస్తే విషయం బయటపడింది. 16వ వరుసలో 'ఐఓ-ఏపిక్ 16-ఫ్యాస్ట్‌ఈఓఐ', చివర కామాతో రెండు పేర్లు: సౌండు కార్డు, ఎవరూ వాడని మరో కంట్రోలర్. ఇలాంటి లైను మీద ఇంటరప్ట్ రాగానే కెర్నల్ లైనును మాస్క్ చేసి (తాత్కాలికంగా మూసి), ఆ లైనులో ఉన్న అన్ని థ్రెడ్లనూ లేపుతుంది. ఏ పరికరం పిలిచిందో ఆ క్షణాన దానికి తెలియదు, ఎందుకంటే ఆ మాట తేల్చాల్సిన హ్యాండ్లరే థ్రెడ్‌లోకి వెళ్లిపోయింది. లేచిన థ్రెడ్లన్నీ పని ముగించాకే మాస్క్ తీస్తుంది. పక్క కంట్రోలర్‌కు పనే లేకపోయినా, దాని థ్రెడ్ లేచి 'ఇది నాది కాదు' అని చెప్పి పడుకోవాలి. ఆ థ్రెడ్ ఉన్నది 50 మీద. 85 మీది కార్డు థ్రెడ్ కొన్ని మైక్రోసెకన్లలో పని కానిస్తుంది. ఈలోగా అదే కోర్ మీదికి రెవెర్బ్ లెక్కలు చేసే ప్లగిన్ థ్రెడ్ 60తో వచ్చి కూర్చుంటే, 50 వాడికి అది లేచేదాకా చోటు లేదు. ఇంకో కోర్‌కు పోదామన్నా కుదరదు, ఇంటరప్ట్ థ్రెడ్ తన ఇంటరప్ట్ వచ్చే కోర్‌కే కట్టుబడి ఉంటుంది. రెవెర్బ్ లెక్క రెండు మూడు పీరియడ్లు సాగితే లైను అంతసేపూ మాస్క్‌లోనే. తర్వాతి ఆడియో ఇంటరప్ట్ తలుపు దగ్గరే ఆగిపోతుంది. ప్లగిన్ థ్రెడ్ ఏ కోర్‌కు వెళ్తుందో షెడ్యూలర్ ఇష్టం కాబట్టి శబ్దం కూడా దాని ఇష్టం వచ్చినప్పుడే.

కళ్లారా చూడాలంటే కెర్నల్ లోపల జరిగేది నమోదు చేసే ఎఫ్‌ట్రేస్‌లో ఐఆర్‌క్యూ_హ్యాండ్లర్_ఎంట్రీ, షెడ్_స్విచ్ ఈవెంట్లు ఆన్ చేయండి. మామూలుగా 1.33 మిల్లీసెకన్ల ఎడంతో రావాల్సిన ఎంట్రీల మధ్య ఒకచోట పెద్ద ఖాళీ, ఆ ఖాళీ పొడవునా ప్లగిన్ థ్రెడ్, ఖాళీ చివర 50 థ్రెడ్ ఒక్క క్షణం మెరిసి మాయం. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మందులున్నాయి. ఆ కంట్రోలర్ వాడనిదైతే డ్రైవర్‌ను మోడ్‌ప్రోబ్ బ్లాక్‌లిస్టులో (లోడ్ చేయవద్దనే జాబితాలో) పెట్టి రీబూట్ చేయడం అన్నిటికన్నా శుభ్రం. కావాల్సిందే అయితే ఆ లైనులోని థ్రెడ్లన్నిటికీ 85 ఇవ్వాలి, ఒక్కదానికి ఇచ్చి లాభం లేదు. కార్డును వేరే స్లాట్‌లోకి మారిస్తే లైను మారే అవకాశం ఎక్కువ. కార్డు ఎంఎస్‌ఐ (తీగ బదులు సందేశంగా ఇంటరప్ట్ పంపడం) చేయగలదైతే ఈ బాధే లేదు, అక్కడ లైను పంచుకోవడం ఉండదు. పీసీఐ పరికరాల వివరాలు చూపే ఎల్‌ఎస్‌పీసీఐలో 'ఎంఎస్‌ఐ' పక్కన 'ఎనేబుల్' తర్వాత ప్లస్ ఉందా, మైనస్ ఉందా చూసుకోండి.

ఒకసారి సీహెచ్‌ఆర్‌టీ కొడితే చాలన్నట్టు పైన రాసినదానికి ఒక సవరణ. కొన్ని డ్రైవర్లు సస్పెండ్‌కు ముందు ఇంటరప్ట్‌ను వదిలేసి, లేచాక మళ్లీ అడుగుతాయి. ఇంటెల్ హెచ్‌డీఏ సౌండు డ్రైవర్ చేసేది అదే. అప్పుడు పుట్టేది కొత్త థ్రెడ్, కొత్త పిడ్, మళ్లీ 50. మూత తెరవగానే శబ్దం పాడైతే ముందు అనుమానించాల్సింది దీన్నే. పిడ్‌తో కాక పేరుతో వెతికి ప్రయారిటీ పెట్టే ఆర్‌టీఐఆర్‌క్యూ స్క్రిప్టు ఉంది, దాన్ని బూట్‌తో పాటు రెస్యూమ్‌కూ తగిలించాలి.

85 అంటే అన్నిటికన్నా ముందు అన్నదీ పూర్తి నిజం కాదు. మామూలు కెర్నల్‌లో అదే కోర్ మీద నెట్‌వర్క్ సాఫ్ట్‌ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ తర్వాతికి వాయిదా వేసిన పని) నడుస్తుంటే అది ముగిసేదాకా ఏ థ్రెడ్డూ చొరబడలేదు. అందుకే నెట్‌వర్క్ కార్డు ఇంటరప్ట్‌ను ఎస్‌ఎంపీ_అఫినిటీ_లిస్ట్ ద్వారా వేరే కోర్‌కు పంపడం మేలు. పంపాక ఎఫెక్టివ్_అఫినిటీ_లిస్ట్ చదవండి. మొదటిది మీరు అడిగింది చూపిస్తుంది, రెండోది నిజంగా జరిగింది. ఐఆర్‌క్యూబ్యాలెన్స్ (ఇంటరప్ట్‌లను కోర్లకు పంచే ప్రోగ్రాము) నడుస్తుంటే అది పది సెకన్లకోసారి తన లెక్క తాను వేసుకుంటుంది, కాబట్టి '--బ్యాన్‌ఐఆర్‌క్యూ' ఇచ్చి ఆ నంబర్లను దాని చేతికి అందకుండా చేయాలి.

నా వాడకం ఒక సౌండు కార్డు, అరకొర నెట్‌వర్క్. అక్కడ ఇది తీసేసే ఆలోచన లేదు. రోజంతా ప్యాకెట్లు మోసే సర్వర్ మీదైతే పెట్టను: ఈ ఆప్షన్‌తో, హార్డ్ ఇంటరప్ట్ ముగింపులో అక్కడికక్కడే జరగాల్సిన సాఫ్ట్‌ఐఆర్‌క్యూ పని కేసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీకి వెళ్తుంది, అది మామూలు ప్రయారిటీ థ్రెడ్. 6.12 నుంచి ప్రీఎంప్ట్_ఆర్‌టీ (రియల్‌టైమ్ కెర్నల్ ఎంపిక) ప్రధాన కెర్నల్‌లోనే ఉంది, దాంట్లో థ్రెడింగ్ ఎలాగూ తప్పనిసరి. ఆ కెర్నల్‌కు మారినా 16వ వరుసలో కామా ఉందో లేదో చూసుకోవాల్సిందే.