తెలుగు చదివే ఫోన్: భవిత కేంద్రంలో ఏళ్ల తరబడి వాడాక

వరంగల్ జిల్లాలో ఒక మండలం భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రంలో, నేను రిసోర్స్ పర్సన్‌ని. ఎనిమిది వేల రూపాయల ఆండ్రాయిడ్ ఫోను, తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించడానికి అందులో ముందే ఉండే టాక్‌బ్యాక్, దానికి తెలుగు గొంతు, పుస్తకం పేజీని ఫొటో తీస్తే అక్షరాలు గుర్తుపట్టే ఒక ఉచిత యాప్. ఇంతే నా సామాను. కరోనా నాటి నుంచి పిల్లలతో వాడిస్తున్నాను.

ఎక్కువగా వాడింది పుట్టుకతో చూపు లేని ఒక పాప, ఇప్పుడు ఎనిమిదో తరగతి. బ్రెయిలీ పుస్తకం చేతికొచ్చేసరికి క్లాసులో ఆ పాఠం అయిపోయేది. ఇప్పుడు పక్కన కూర్చునే స్నేహితురాలు పేజీ ఫొటో తీస్తుంది, ఈమె వింటుంది. రెండు వాల్యూమ్ బటన్లు కలిపి కాసేపు నొక్కిపడితే టాక్‌బ్యాక్ మొదలవుతుంది. వేలు పక్కకు జరిపితే తర్వాతి అంశం, రెండుసార్లు తడితే అది తెరుచుకోవడం. ఇవన్నీ నేర్పడానికి నేను పడ్డ పాటు కన్నా ఆమె నేర్చుకోవడానికి పడ్డది తక్కువ. ఆమె పెట్టుకునే స్పీడులో నాకొక్క ముక్క అర్థం కాదు. "మెల్లగ పెడితే నిద్రొస్తది టీచర్" అంటుంది. ఇయర్‌ఫోన్ మాత్రం ఒక్క చెవికే పెట్టుకోమంటాను, రెండో చెవి సార్ చెప్పే పాఠానికి.

2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఒకవైపు తెలుగు, ఎదురుగా ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు వచ్చాయి కదా. మిగతా పిల్లలకు మేలే. మాకు మాత్రం రెండు పేజీలూ ఒక్క ఫొటోలో పడితే సగం వాక్యం తెలుగు, సగం ఇంగ్లిష్ కలిసిపోయి పులిహోర అవుతుంది. ఎదుటి పేజీ మీద తెల్లకాగితం కప్పి తీయండి. పుస్తకం మడత దగ్గర వంగిన వరుసల్లో ఒత్తులు ఎగిరిపోతాయి, అరచేత్తో అదిమి పట్టుకోవాలి.

అసలు తలనొప్పి ఫాంట్లది. గైడ్లు, ప్రశ్నపత్రాలు ఎక్కువగా పాత డీటీపీ ఫాంట్లలో ఉంటాయి. కంటికి చక్కని తెలుగే. లోపల మాత్రం ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. తెలుగు వాచకాన్ని తెరిస్తే ఫోను "డాలర్, బ్రాకెట్, క్యాపిటల్ ఎ" అని చదువుతుంటే పాప పగలబడి నవ్వింది. ఆ ఫైలు స్క్రీన్‌షాట్ తీసి మళ్లీ ఫొటో యాప్‌కు ఇస్తే దారికొస్తుంది. తెలుగు అక్షరాన్ని ఫోను తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లో టైపు చేసిందైతే ఈ తిప్పలేవీ ఉండవు. మాకు పేపర్లు కొట్టిపెట్టే తమ్మునికి అదే చెప్పిన. "అండ్ల అందం రాదు మేడం" అన్నడు. అందం ఎవరికోసమో అర్థం కాలేదు. పోరుపెట్టగా ఇప్పుడు మా కేంద్రం వరకు యూనికోడ్‌లో కొడుతున్నడు.

ఇంటి దగ్గర ఇంకో కథ. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే మామూలుగా తాకితే ఏదీ తెరుచుకోదు. పాప వాళ్లన్నకు రీల్స్ రాలేదు. ఫోను పాడైందనుకొని సెల్‌ఫోన్ షాపుకు తీసుకపోతే, షాపతను ఫార్మాట్ కొట్టి పంపాడు. సేవ్ చేసిన పాఠాలన్నీ పోయాయి. అప్పటి నుంచి ఫోను ఇచ్చే రోజే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, ఆ రెండు బటన్ల కిటుకు బాపుకు, అన్నకు కూడా నేర్పిస్తున్నాను.

చదవడం రాని నాలుగో తరగతి బాబు విషయంలో నా అంచనా కొంచెం తగ్గింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం లెక్కపెట్టిన 21 రకాల్లో ఈ నిర్దిష్ట అభ్యసన వైకల్యం, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం లాంటివి పట్టుబడకపోవడం, కూడా ఉంది. మన బళ్లలో దాన్నింకా "మొద్దు" అనే పిలుస్తారు. ఫోను చదువుతుంటే ఆ మాట తెర మీద వెలుగుతుంది, చూస్తూ వింటే చదువు వస్తుందని ఆశపడ్డాను. వాడు కిటికీలోంచి చూస్తూ విన్నాడు. సగం వేగంతో పెట్టి, పుస్తకంలో వేలు కదుపుతూ వినాలని పట్టుబట్టాక కొంత కుదిరింది. పరిసరాల విజ్ఞానం పాఠాలు మాత్రం విని గడగడా చెప్తాడు. తెలివి లేదన్నవాళ్ల నోళ్లు మూయించడానికి అది చాలు, చదవడం రావడానికి చాలదు.

ఫోను వచ్చింది కదా, బ్రెయిలీ ఎందుకని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. మానొద్దు. ఆ గొంతు శ, ష, స మూడింటినీ దాదాపు ఒకేలా పలుకుతుంది. విని మాత్రమే చదివిన పిల్లకు "విశేషం" రాయమనండి, తెలుస్తుంది. బ్రెయిలీలో ఏ అక్షరానికి ఆ చుక్కల గడి వేరు. ఒత్తు వచ్చేచోట హలంతు చుక్క ముందే వేలికి తగులుతుంది. డిక్టేషన్ చెప్పినప్పుడల్లా ఆ తేడా నా కళ్లముందే ఉంటుంది.

లెక్కల్లో ఈ ఫోను దండగ. భిన్నాన్ని "ఒకటి స్లాష్ రెండు" అంటుంది, వర్గమూలం గుర్తు వస్తే దాటేసి పోతుంది, జ్యామితి బొమ్మల దగ్గర మూగే. లెక్కలకు మా బీరువాలో ఉన్న పాత టేలర్ ఫ్రేమునే తీస్తున్నాం, గుంటల్లో చిన్న దిమ్మెలు గుచ్చి అంకెలు తడిమి చూసే పలక అది. కొత్త ఫోను కొనే డబ్బులు వస్తే అందులో కొంత దాని దిమ్మెలకు పెట్టండి, సగం ఎప్పుడూ పోయే ఉంటాయి.